అచ్చు యంత్రానికి మరుపు నేర్పడం

(న్యూజెర్సీ రాష్ట్రం, పిస్కాటవేలో తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాల తరవాత మాట్లాడే వంతు నాకొచ్చింది. పులిహోర, గుత్తివంకాయ కూర తిని కూర్చున్న సభను మెలకువగా ఉంచడం మామూలు పని కాదు. పైగా నేను చెప్పబోయేది సాహిత్యమూ కాదు, సినిమా కబుర్లూ కాదు. రంగుల అచ్చు యంత్రాల నిర్మాణం, వాటి భద్రత. ఇందాక భోజనాల వరసలో నా ముందు నిలబడ్డ పెద్దాయన ఒకరు, "ప్రింటరుకు భద్రతేమిటండీ, అంత బరువు మిషను ఎవరెత్తుకుపోతారు?" అని అడిగారు. నిజమే, దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు. మనమే దాన్ని ట్రక్కెక్కించి, లోపలున్న మన కాగితాలన్నిటితో సహా సాగనంపుతాం. ఆ పని నేనూ చేశాను. అది చెప్పుకోవడానికే ఈ ఇరవై నిమిషాలూ అడిగి తీసుకున్నాను.

నేను ఉద్యోగరీత్యా ఇరవై ఏళ్లు రంగుల డిజిటల్ ప్రెస్సులను నడిపించే సాఫ్ట్‌వేర్ రాశాను. అయితే నాకు అచ్చు వాసన మొదట తగిలింది అమెరికాలో కాదు, తెనాలిలో. అక్కణ్ణించి మొదలుపెడతాను.

మా పెదనాన్న తెనాలిలో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటరు. ఇంగ్లీషుకు ఇరవై ఆరు అక్షరాలు చాలు. పెద్దవీ చిన్నవీ కలిపి లెక్కేసినా కేసులో గళ్లు కొద్దిగానే ఉంటాయి. మన తెలుగుకు గుణింతాలూ, వత్తులూ, సంయుక్తాక్షరాలూ కలిపి కొన్ని వందల గళ్లు కావాలి. ఆయన చూడకుండానే చెయ్యి చాపి కావలసిన అక్షరం తీసేవాడు. స్టిక్కులో పంక్తి పేర్చడం, పేజీ కట్టడం, చట్రంలో బిగించి ఫారం తయారు చెయ్యడం, ట్రెడిల్ మీదికి ఎక్కించడం - ఇదంతా అచ్చుకు ముందు పని. అచ్చయ్యాక ఇంకో పని ఉండేది. ఫారాన్ని కిరసనాయిలుతో కడిగి, విప్పి, ఒక్కొక్క అక్షరాన్నీ తిరిగి దాని గడిలో వెయ్యడం. దాన్ని డిస్ట్రిబ్యూషన్ అనేవారు. పేర్చడానికి ఎంత ఓపిక కావాలో విప్పడానికీ దాదాపు అంతే కావాలి.

బడి పరీక్షల ప్రశ్నపత్రాలు ఆ ప్రెస్సులోనే అచ్చయ్యేవి. ఆ రోజుల్లో పెదనాన్న మమ్మల్ని ప్రెస్సు గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. సాయంత్రం చెడిపోయిన కాగితాలన్నీ మూటగట్టి ఇంటికి తెచ్చి స్నానాల కాగు కింద మంటలో వేసేవాడు. వాటితోబాటు అచ్చుకాగితం అడుగున మెత్తగా ఉండడానికి వేసే కాగితాన్ని కూడా తెచ్చి కాల్చేవాడు. దాని మీద సిరా ఉండదు కదా, అదెందుకని అడిగితే, "నొక్కు ఉంటుందిరా. వెలుతురుకి పెట్టి చూస్తే చదువుకోవచ్చు" అన్నాడు. యంత్రానికి ఎక్కడెక్కడ జ్ఞాపకం ఉంటుందో ఆయనకు తెలుసు. నేను అమెరికా వచ్చి, కంప్యూటర్ సైన్సులో పెద్ద పట్టా తెచ్చుకుని కూడా ఆ ఒక్క సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఇక్కడొక విషయం గమనించండి. పెదనాన్న ఫారం విప్పింది భద్రత కోసం కాదు. సీసం అక్షరాలు తక్కువ. రేపు పొద్దున వచ్చే శుభలేఖకు ఈరోజు ప్రశ్నపత్రంలో ఉన్న అక్షరాలే కావాలి. విప్పకపోతే ప్రెస్సు నడవదు. అంటే ఆ యంత్రం రోజూ అంతా మరచిపోతేనే దాని యజమానికి జరుగుబాటు.

ఇప్పుడు మన పిస్కాటవేలోనో, పక్కన ఎడిసన్‌లోనో ఒక కాపీ షాపులో ఉండే రంగుల డిజిటల్ ప్రెస్సు సంగతి చూద్దాం. పైకి అది ఒకటే యంత్రం. లోపల కనీసం రెండు కంప్యూటర్లుంటాయి. కాగితాన్ని లాగి, డ్రమ్ము మీద బొమ్మ గీసి, సయాన్, మెజెంటా, పసుపు, నలుపు టోనర్లు అద్ది, వేడి రోలర్లతో అతికించే భాగాన్ని ఇంజను అంటారు. దానికో సొంత కంప్యూటరుంటుంది. దానికి తోడుగా, మనం పంపిన ఫైలును అందుకుని ఇంజనుకు అర్థమయ్యే రూపంలోకి మార్చే కంప్యూటరు మరొకటి. దాన్ని కంట్రోలరు అనీ, డిజిటల్ ఫ్రంట్ ఎండ్ అనీ అంటారు. ఇది విండోస్ మీదో లినక్స్ మీదో నడుస్తుంది. మూత తీసి చూస్తే మన ఇంట్లో ఉన్న కంప్యూటరుకీ దానికీ పెద్ద తేడా కనబడదు.

మీరు పంపే పిడిఎఫ్ నిజానికి బొమ్మ కాదు. బొమ్మ ఎలా గియ్యాలో రాసిన చీటీ. ఇక్కడ ఈ అక్షరం, ఇంత సైజులో. అక్కడ ఆ ఫొటో, ఇంత వెడల్పున అని. ఈ చీటీ చదివి వంట చేసే భాగాన్ని రాస్టర్ ఇమేజ్ ప్రాసెసర్, పొట్టిగా రిప్ అంటాం. అది పేజీని చుక్కలు చుక్కలుగా పరిచి, ఒక్కొక్క చుక్కలో ఏ రంగు ఎంత పడాలో లెక్క కడుతుంది.

ఆ లెక్క ఎంతో చూడండి. ఎనిమిదిన్నర అంగుళాలు బై పదకొండు అంగుళాల కాగితం. అంగుళానికి 600 చుక్కలు. అడ్డంగా 5,100, నిలువుగా 6,600. గుణిస్తే మూడు కోట్ల 36 లక్షల చుక్కలు. నాలుగు రంగులు, రంగుకో బైటు చొప్పున సుమారు 135 మెగాబైట్లు. ఇది ఒక్క పేజీకి. నిమిషానికి నూరు పేజీలు కొట్టే ఇంజనుకు సెకనుకు 224 మెగాబైట్లు ఆగకుండా పోస్తూ ఉండాలి. మధ్యలో ఒక్క క్షణం ఆలస్యమైతే ఇంజను ఆగిపోతుంది. అందుకని తయారైన పేజీలను కుదించి ముందుగా డిస్కులో నిలవ చేసి, అక్కణ్ణించి ఇంజనుకు వడ్డిస్తారు. ఇంకో కారణం కూడా ఉంది. రెండు వందల పేజీల సావనీరు యాభై ప్రతులు కావాలంటే, ఒక ప్రతి మొదటి పేజీ నుంచి చివరిదాకా వరసగా వచ్చాకే రెండో ప్రతి మొదలవ్వాలి. అంటే రెండు వందల పేజీలూ డిస్కులో కదలకుండా కూర్చుని ఉండాలి.

ఇదీ అసలు సంగతి. సీసం అక్షరాల యంత్రం మరచిపోతే గాని నడవదు. డిజిటల్ యంత్రం గుర్తుపెట్టుకుంటే గాని నడవదు. పని పూర్తయ్యాక మరచిపొమ్మని దానికి విడిగా చెప్పాలి. ఎవరు చెప్పాలి? అది ఎవరి ఉద్యోగంలోనూ రాసి లేదు.

"డిలీట్ కొడితే పోదా?" అని మీరడగవచ్చు. గ్రంథాలయంలో కేటలాగు కార్డు చించేస్తే పుస్తకం బీరువాలోంచి మాయమవుతుందా? మామూలు డిలీట్ చేసే పని కార్డు చించడమే. ఆ చోటులో ఇంకొకటి వచ్చి కూర్చునేదాకా పాత పుస్తకం అక్కడే ఉంటుంది. దాన్ని బయటికి తీసే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. అందుకే సురక్షితంగా చెరిపే పద్ధతి వేరుగా పెట్టారు. ఆ చోటు మీద అర్థం లేని అంకెలు, ఒక్కోసారి మూడు సార్లు, రాసేస్తుంది. అది తిరిగే పళ్లెం ఉన్న పాత డిస్కులకు పనికొస్తుంది. ఇప్పటి చిప్పు డిస్కులలో అలా కాదు. అవి అరిగిపోకుండా ఉండడానికి రాతను ఎప్పటికప్పుడు వేరే చోటికి మళ్లిస్తాయి. మనం చెరిపామనుకున్న చోటు ఒకటి, అసలు రాత ఉన్న చోటు ఒకటి అవుతుంది. అందుకని ఇప్పుడు మేలైన పద్ధతి, మొదటినుంచీ డిస్కు మొత్తాన్ని రహస్య లిపిలో రాసి, వదిలించుకునేటప్పుడు ఆ లిపి తాళంచెవిని నాశనం చెయ్యడం.

ఇంతకీ నా సంగతి చెబుతానన్నాను.

2000 దశకం మధ్యలో మా బృందంలో ఒక చర్చ వచ్చింది. అచ్చయిన పనులను యంత్రం దాచి ఉంచాలా, తీసేయాలా? దాచి ఉంచితే "మొన్నటి కార్డులు ఇంకో నూరు కొట్టండి" అని కస్టమరు వచ్చినప్పుడు ఒక్క నొక్కుతో అయిపోతుంది. షాపులవాళ్లు దీన్ని వరంలా చూస్తారు. యంత్రం పెట్టెలోంచి వచ్చినప్పుడే దాచడం ఆన్ చేసి ఉండాలని గట్టిగా వాదించినవాణ్ణి నేనే. గెలిచాను. సురక్షితంగా చెరిపే ఏర్పాటు కూడా పెట్టాం, కాని ఆఫ్ చేసి పెట్టాం. అది ఆన్‌లో ఉంటే యంత్రం కాస్త మందగిస్తుంది. మందగించిన యంత్రాన్ని ఎవరు కొంటారు?

2009లో ఇక్కడికి దగ్గర్లోనే కాపీ షాపు నడుపుతున్న నల్లగొండ కుర్రవాడు నాకు ఫోన్ చేశాడు. మన పెళ్లి కార్డులు, పిల్లల నృత్య ప్రదర్శనల బ్రోషర్లు, సంఘం కరపత్రాలు అన్నీ ఆయన దగ్గరే వేయించేవాళ్లం. "అన్నా, మిషను లీజు అయిపోయింది. రేపు పొద్దుగాల ట్రక్కొస్తది. సౌండు మంచిగ లేదు, నువ్వొకసారి చూసిపోతవా, మల్ల వాళ్లు డామేజీ అని పైసలు గుంజుతరేమో" అన్నాడు. సరేనని వెళ్లాను.

శబ్దం సంగతి అయిదు నిమిషాల్లో తేలిపోయింది. అలవాటు కొద్దీ కంట్రోలరు తెర మీద దాచి ఉంచిన పనుల జాబితా తెరిచాను. కిందికి జరుపుతూ పోతుంటే జాబితా తరగలేదు. రెండేళ్ల కిందట మా సంఘం సభ్యుల డైరెక్టరీ అక్కడుంది. కుటుంబాల పేర్లు, ఇళ్ల చిరునామాలు, ఫోన్ నంబర్లు. దాన్ని పంపింది నేనే. నా పేరే దాని పక్కనుంది. దాని కింద ఎవరిదో పన్ను రిటర్ను, సోషల్ సెక్యూరిటీ నంబరుతో సహా. తరవాత గ్రీన్ కార్డు కోసం కట్టిన కాగితాల కట్ట, పాస్‌పోర్టు పేజీలు, పెళ్లి సర్టిఫికెట్టు. ఇంకో ఫైలు పేరు చూసి తెరవకుండానే చెయ్యి వెనక్కు తీసుకున్నాను. అది ఒక ఆసుపత్రి రిపోర్టు. ఆ ఇంటిపేరు నాకు తెలిసినదే. ఆ జబ్బు సంగతి ఆ కుటుంబం మాలో ఎవరికీ చెప్పుకోలేదు.

"ఏమయిందన్నా?" అన్నాడు. "తమ్ముడూ, ఇవన్నీ తీసేయాలి" అన్నాను. ఇద్దరం కూర్చుని కంట్రోలరు డిస్కును పూర్తిగా చెరిపాం. పదకొండు గంటలు దాటింది. కోటు వేసుకుని తలుపు దాకా వచ్చాక పెదనాన్న గుర్తొచ్చాడు. నొక్కు ఉంటుందిరా, అన్నాడు కదా. వెనక్కు వచ్చాను. పైన అద్దం మీద పెట్టి తీసే ఫొటోకాపీలు కంట్రోలరు దాకా రావు. అవి ఇంజను సొంత డిస్కులో పడతాయి. పాస్‌పోర్టు పట్టుకొచ్చి కాపీలు తీసుకుపోయిన ప్రతి మనిషీ అక్కడుంటాడు. రెండో డిస్కును చెరిపే మెనూ సర్వీసు టెక్నీషియన్ల పాస్‌వర్డ్ వెనకాల ఉంది. నా పరిచయాల పుణ్యాన అర్ధరాత్రికి అదీ పూర్తయింది.

అప్పుడు ఆ కుర్రవాడు మెల్లగా అన్నాడు: "అన్నా, పోయినేడు ఇంకో మిషను ఇట్లనే ఇచ్చి పంపినం కదా. దాని సంగతేంది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ మిషను లీజు కంపెనీకి, అక్కణ్ణించి వేలంలో కొన్నవాళ్లకు, అక్కణ్ణించి ఓడ మీద ఏదో దేశానికి పోయింది. దాన్నీ మేమే రాసిన సాఫ్ట్‌వేర్ నడిపేది. ఆసుపత్రి రిపోర్టు తాలూకు కుటుంబాన్ని ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా నేను కళ్లు దించుకుంటాను. వాళ్లకు కారణం తెలియదు.

మరుసటి సంవత్సరం, 2010 ఏప్రిల్‌లో సి.బి.ఎస్. వార్తల్లో ఒక కథనం వచ్చింది. విలేఖరులు మన న్యూజెర్సీలోనే ఒక గిడ్డంగికి వెళ్లి వాడేసిన కాపీయర్లు నాలుగు, ఒక్కొక్కటి సుమారు మూడు వందల డాలర్లకు కొన్నారు. డిస్కులు విప్పి చూస్తే ఒకదాంట్లో బఫెలో నగర పోలీసు శాఖ కాగితాలు. ఇంకోదాంట్లో న్యూయార్కులోని అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థ తాలూకు వైద్య రికార్డులు. వాళ్లు వెళ్లిన రోజునే అర్జెంటీనాకు, సింగపూరుకు పోయే రెండు కంటైనర్లలో ఇలాంటి యంత్రాలు కిక్కిరిసి ఉన్నాయి. ఆ బీమా సంస్థ మీద కేంద్ర ఆరోగ్య శాఖ విచారణ జరిపింది. దాదాపు 3,44,579 మంది వివరాలు బయటపడి ఉండవచ్చని సంస్థే తెలియజేసింది. 2013 ఆగస్టులో 12,15,780 డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఆ సంస్థ చేసిన తప్పు ఏదో దొంగను లోపలికి రానివ్వడం కాదు. లీజు అయిపోయిన యంత్రాలను చెరపకుండా తిరిగి ఇచ్చెయ్యడం. ఆ రాత్రి మేం చెయ్యబోయి ఆగిన పనీ, అంతకు ముందు ఏడాది చేసేసిన పనీ అదే.

ఇక్కడ మన ఊరి పాత్ర కూడా ఉంది. మీలో చాలామంది హోస్ లేన్ మీదుగానే వచ్చి ఉంటారు. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల మహాసంస్థ ఐట్రిపుల్ఈ కార్యకలాపాలకు ఎన్నో ఏళ్లుగా ఆ వీధే చిరునామా. యంత్రాల కంపెనీలు కలిసి కూర్చునే ప్రింటర్ వర్కింగ్ గ్రూపు దానికి అనుబంధంగా పనిచేసింది. వాళ్ల పత్రాల మీద '445 హోస్ లేన్, పిస్కాటవే' అని అచ్చయి ఉంటుంది. ఐట్రిపుల్ఈ 2008లో 2600 అనే సంఖ్యతో ఒక ప్రమాణాన్ని వెలువరించింది. అచ్చు యంత్రాలకు, కాపీయర్లకు భద్రత ఎలా ఉండాలన్నదే అందులో విషయం. ఏ.బి.సి.డి. అని నాలుగు రకాల పరిసరాలను వేరు చేశారు. కట్టుదిట్టమైన ప్రభుత్వ కార్యాలయం లాంటిది ఒకటి, మామూలు కంపెనీ ఒకటి, కాపీ షాపులు, గ్రంథాలయాలు, హోటళ్లలాగా ఎవరైనా వచ్చి వాడుకునే చోటు మూడోది, చిన్న ఆఫీసు నాలుగోది. మన నల్లగొండ తమ్ముడి దుకాణం ఆ మూడో అక్షరంలో ఉంది. అచ్చయిపోయాక మిగిలిపోయే నకళ్ల గురించి, వాటిని చెరపడం గురించి అందులో స్పష్టంగా రాశారు. నేను ఆ పత్రం మొదటిసారి శ్రద్ధగా చదివింది 2009లో ఆ రాత్రి తరవాత. నా ఇంటికి నాలుగు మైళ్ల దూరపు చిరునామాతో వచ్చిన పుస్తకం!

ఆ పరంపర ఆగలేదు. అమెరికా, జపాను ప్రభుత్వాలు కొనే యంత్రాలకు వర్తించేలా 2015లో ఒక భద్రతా ప్రమాణం వచ్చింది, 2022లో దాని స్థానంలో అంతర్జాతీయ రూపం ఒకటి వచ్చింది. కాపీ షాపుకు మాత్రం ఇలాంటివేవీ చట్టంలా వర్తించవు. యజమాని తెలుసుకుని అడిగితేనే.

జ్ఞాపకం గురించే ఎక్కువ చెప్పాను. తలుపుల గురించి కూడా రెండు ముక్కలు. ఈ యంత్రానికి నెట్‌వర్కు మీద చాలా ద్వారాలుంటాయి. పాతకాలపు పద్ధతిలో నేరుగా పేజీలు పోసే 9100, 515 నంబర్లు, కాస్త పద్ధతైన 631, ఫోల్డర్లకు 445, యంత్రం ఆరోగ్యం అడిగే 161. వీటిలో 9100కు "నువ్వెవరు?" అని అడిగే అలవాటే లేదు. ఎవరు ఏది పంపినా తీసుకుంటుంది. ఇక యంత్రపు లోపలి సాఫ్ట్‌వేరునే మార్చేయవచ్చని 2011లో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు లేజర్ ప్రింటర్ల మీద చేసి చూపించారు. అచ్చుకు పంపిన ఫైలులోనే కొత్త సాఫ్ట్‌వేర్ దాచి పంపారు. యంత్రం అది ఎక్కణ్ణించి వచ్చిందో చూడకుండా మింగేసింది. ఆ తరవాత కంపెనీలు సంతకం లేని సాఫ్ట్‌వేరును నిరాకరించడం మీద మరింత శ్రద్ధ పెట్టాయి. ఇంకో చిక్కు వయసు. అచ్చు యంత్రం పదిహేనేళ్లు పనిచేస్తుంది. దాని కంట్రోలరులోని విండోస్ అంతకాలం బతకదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014లో మద్దతు ఆపేసింది. విండోస్ 7కు 2020లో, విండోస్ 10కు 2025 అక్టోబరులో అదే జరిగింది. దుకాణంలో యంత్రం మాత్రం నిక్షేపంగా కాగితాలు కొడుతూనే ఉంటుంది. అలాంటిదాన్ని ఇంటర్నెట్టుకు తగిలించి ఉంచడమంటే వాకిలి తలుపు తీసి పడుకోవడమే.

యంత్రానికి ఎన్ని తాళాలు వేసినా మనిషి సంగతి మిగిలే ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. 2016 జులై 9న తెలంగాణలో వైద్య విద్య ప్రవేశానికి ఎంసెట్-2 జరిగింది. ప్రశ్నపత్రం ముందే బయటికి వచ్చిందని తేలి, ఆగస్టులో పరీక్ష రద్దు చేశారు. పిల్లలు సెప్టెంబరు 11న మళ్లీ రాశారు. పత్రం ఢిల్లీలోని ఒక ప్రెస్సు నుంచి పొక్కిందని సి.ఐ.డి. దర్యాప్తులో తేలింది. మీలో కొందరి మేనకోడళ్లు, మేనల్లుళ్లు ఆ పరీక్ష రెండోసారి రాసి ఉంటారు. న్యాయంగా చదివి ర్యాంకు తెచ్చుకున్న పిల్లకు, "నీ ర్యాంకు చెల్లదు, మళ్లీ కూర్చో" అంటే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ 2017లోనూ, తెలంగాణ 2018లోనూ ఎంసెట్‌ను కంప్యూటర్ మీద రాసే పరీక్షగా మార్చాయి. అంటే నడుమనున్న ప్రెస్సునే తీసేశాయి. పోటీ పరీక్షలకు అది కుదిరింది గాని, మన పెళ్లి కార్డులకూ, పన్ను కాగితాలకూ కుదరదు. కాగితం ఉన్నంతకాలం ప్రెస్సు ఉంటుంది. ఉన్నప్పుడు దాన్ని ఎవరెవరు ముట్టుకున్నారో, ఏ ఫైలు ఎన్ని ప్రతులు కొట్టారో యంత్రం రాసిపెట్టుకోవాలి, ఆ రాతను ఎవరో ఒకరు చదవాలి.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. ఇందాకటి నుంచి యంత్రం మరచిపోవాలని చెప్పి, ఇప్పుడు రాసిపెట్టుకోవాలంటాడేమిటని. రెండూ వేరు. పెదనాన్న ప్రెస్సులో ఫారం విప్పేసేవారు గాని, ఎవరి పని, ఎన్ని ప్రతులు, ఏ తేదీ అన్నది యజమాని బల్ల మీద రిజిస్టరులో ఉండేది. విషయం పోవాలి, లెక్క మిగలాలి. మన యంత్రాల్లో చాలాకాలం దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగింది.

లెక్క అంటే గుర్తొచ్చింది, చాలా రంగుల లేజర్ యంత్రాలు మనకు చెప్పకుండా కాగితం మీదే ఒక లెక్క రాస్తాయి. కంటికి ఆనని పసుపు చుక్కలు. నీలి వెలుతురులో భూతద్దం పెట్టి చూస్తే కనబడతాయి. దొంగనోట్లు కొట్టేవాళ్లను పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటది. 2005లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్లు జిరాక్స్ డాక్యుకలర్ యంత్రాల చుక్కలను విప్పి చదివారు. యంత్రం సీరియల్ నంబరు, తేదీ, సమయం అందులో ఉన్నాయి. అది మంచిదా చెడ్డదా అన్న వాదన ఈరోజు పెట్టుకోను. మనకు తెలియకుండా యంత్రం గుర్తుపెట్టుకునేది ఎంత ఉంటుందో చెప్పడానికి ప్రస్తావించానంతే.

చివరిగా, మీరు ఇంటికి తీసుకెళ్లవలసిన నాలుగు మాటలు.

కాపీ షాపులో పాస్‌పోర్టో, పన్ను కాగితమో వేయించుకుంటే, డబ్బులిచ్చేముందు "మా ఫైలు మీ జాబితాలోంచి నా ఎదుటే తీసెయ్యండి" అని అడగండి. మొహమాటం వద్దు. చిల్లర లెక్కపెట్టుకోవడానికి మనకు మొహమాటం లేదు కదా. మీలో వైద్యులున్నారు, పన్నులు చూసే అకౌంటెంట్లున్నారు, ఇమిగ్రేషన్ లాయర్లున్నారు. మీ ఆఫీసు యంత్రం లీజు కాగితంలో డిస్కులు ఎవరివి, వాటిని ఎవరు చెరుపుతారు, చెరిపినట్టు కాగితం ఇస్తారా అని చూడండి. డిస్కులు ఎన్ని అని కూడా అడగండి. ఒకటే అని చెబితే నమ్మకండి, రెండోదాని సంగతి అడగండి. ఇంట్లో ఉన్న చిన్న ప్రింటరుకు కొన్నప్పుడు వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి, సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చినప్పుడల్లా వేయించండి. 2025లో బయటపడిన ఒక లోపం వల్ల ఒక్క బ్రదర్ కంపెనీవే వందల రకాల యంత్రాల తొలి పాస్‌వర్డును వాటి సీరియల్ నంబరు నుంచి లెక్కకట్టి చెప్పేయవచ్చని తేలింది. పాస్‌వర్డ్ మార్చుకున్నవాళ్లకు ఆ భయం లేదు.

నాలుగోది మన సంఘాల వాళ్లకు. సావనీరు అచ్చుకు పంపేటప్పుడు దాంతోబాటు సభ్యుల చిరునామాలు, పిల్లల పుట్టినరోజులు, దాతల ఫోన్ నంబర్లు పంపవలసిన అవసరం ఉందా అని ఒక్కసారి ఆలోచించండి. పంపక తప్పకపోతే, ప్రతులు చేతికి అందిన రోజున కమిటీలో ఒకరు షాపుకు వెళ్లి ఫైలు తీయించి రావాలి. ఆ బాధ్యత ఒక మనిషి పేరున రాసి పెట్టండి. "అందరూ చూసుకుంటారు" అంటే ఎవరూ చూడరు. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను ఆ తరవాత మా బృందంలో మళ్లీ అదే చర్చ పెట్టించాను. ఈసారి రెండో పక్షాన నిలబడి వాదించాను. దాచడం ఆఫ్, చెరపడం ఆన్ కావడానికి మూడేళ్లు పట్టింది. పెదనాన్న అప్పటికి లేడు. ఉంటే ఆయనకు ఇందులో గొప్పేమీ కనబడేది కాదు. పని అయ్యాక ఫారం విప్పడానికి ఇన్నేళ్లు పట్టిందేమిట్రా అని అడిగేవాడు.

 కాఫీ సిద్ధంగా ఉందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. సెలవు.